ప్రోగ్రాం బాగా రాయడం ఎక్కడ అబ్బుతుంది? విశాఖ సీఎస్‌ఈ పిల్లల ముందున్న ఐదు దారులు

మా అక్క కొడుకు మధురవాడ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న ఆదివారం మద్దిలపాలెంలో మా ఇంటికొచ్చి, ద్వారకా నగర్‌లో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం ఒకటి బ్యాగులోంచి తీశాడు. '45 రోజుల్లో ఫుల్ స్టాక్' అని ఉంది దాని మీద. అంటే వెబ్‌సైట్‌లో కనబడే భాగం, వెనకుండే సర్వర్ భాగం రెండూ రాయడం నేర్పుతారట.

"మావయ్యా, ఇందులో చేరిపోమంటావా? మా క్లాసులో కొందరు పొద్దున్నే లేచి కాంటెస్టులు రాస్తున్నారు. సీనియర్లేమో ఓపెన్ సోర్స్ చెయ్యమంటున్నారు. ఏటి చెయ్యాలో తెలీట్లేదు."

"ముందు నీ ల్యాబ్ ప్రోగ్రాం ఏదైనా ఒకటి చూపించు" అన్నాను.

మొదటి సంవత్సరంలో రాసిన సీ ప్రోగ్రాం తెరిచాడు. స్థలం పొడవు, వెడల్పు ఇస్తే వైశాల్యం చెబుతుంది. ల్యాబ్‌లో 10, 20 ఇచ్చారట, 200 వచ్చిందట. అదే అబ్జర్వేషన్ పుస్తకంలో రాసి, రికార్డులోకి ఎక్కించి, సంతకం చేయించుకున్నాడు. నేను 200, 200 కొట్టాను. తెర మీద −25536 అని వచ్చింది. వాడు ముందు నవ్వాడు, తర్వాత స్క్రీన్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. "సంతకం కూడా అయిపోయింది మావయ్యా దీనికి."

కారణం చిన్నదే. వాళ్ళ ల్యాబ్‌లో వాడేది డాస్ కాలం నాటి టర్బో సీ. అందులో ఇంట్ (పూర్ణసంఖ్యని దాచే చోటు) అంటే 16 బిట్లు. 32,767 దాటితే సంఖ్య చుట్టు తిరిగి మైనస్‌లోకి పోతుంది. 40,000లోంచి 65,536 తీసేస్తే వచ్చేది సరిగ్గా ఆ −25536. కంపైలర్ పాతదని తిట్టుకోవచ్చు. కానీ నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఏడాది పాటు ఆ ప్రోగ్రాంకి 20 కన్నా పెద్ద సంఖ్య ఎవరూ ఇవ్వలేదు. రాసినవాడు ఇవ్వలేదు, పక్కవాడు ఇవ్వలేదు, సంతకం పెట్టినవాళ్ళూ ఇవ్వలేదు.

వాడికి ఆ రోజు చెప్పిందే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. ఇదే ఊళ్లో ఇదే సందిగ్ధంలో ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారని నాకు తెలుసు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

చాలామంది మొదట అడిగేది 'జావా మంచిదా, పైథాన్ మంచిదా', ఆ తర్వాత 'ప్యాకేజీ ఎంత వస్తుంది'. నేను అయితే ఏ దారి గురించైనా ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను.

ప్రోగ్రాం తప్పని మీకు ఎవరు చెబుతారు, ఎంతసేపట్లో చెబుతారు? అందరికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎవరూ చెప్పని చోట ఎన్నేళ్లు రాసినా చెయ్యి తిరుగుతుందేమో గానీ ప్రోగ్రాం బాగుపడదు.

ఒకసారి రాసిన ప్రోగ్రాంని నెల తర్వాత మళ్ళీ తెరవాల్సిన పని పడుతుందా? పడకపోతే ప్రోగ్రాంలోని వేరియబుల్స్‌కి పేర్లు ఎలా పెట్టినా, అంతా ఒకే ఫంక్షన్‌లో కుక్కినా మీకేం నొప్పి తెలియదు. నొప్పి తెలియకపోతే మార్చుకోరు.

మీరు కాక ఇంకో మనిషి దాన్ని చదువుతాడా? నడిపి చూడటం సంగతి కాదు, కూర్చుని వరసగా చదవడం. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ 1970లలోనే దీన్నొక పద్ధతిగా పెట్టాడు. ప్రోగ్రాంని పరీక్షకు పంపేముందు నలుగురు కూర్చుని వరస తప్పకుండా చదివి తప్పులు రాసుకునేవారు. మన కాలేజీల్లో ఒకరి ప్రోగ్రాంని ఇంకొకరు చూసేది కాపీ కొట్టడానికే. చదవడానికి చూసేవాళ్ళు అరుదు.

వీటి తర్వాతే డబ్బు, ప్రయాణం, ప్లేస్‌మెంట్. ప్రయాణాన్ని తేలిగ్గా తీసుకోకండి. గాజువాకలో ఇల్లు, మధురవాడలో కాలేజీ అయితే ఎన్ఏడీ, హనుమంతవాక దాటుకుని పోవడం రావడంతోనే రోజులో రెండు గంటలకు పైగా గోవిందా. దాని మీద సాయంత్రం ద్వారకా నగర్‌లో క్లాసు పెట్టుకుంటే ఇంటికి చేరి ల్యాప్‌టాప్ తెరిచే ఓపిక ఎవరికుంటుంది?

## కాలేజీ ల్యాబ్, తోడుగా ఎన్‌పీటెల్

ఎలాగూ వెళ్లక తప్పని దారి కాబట్టి ముందు దీని సంగతి. ల్యాబ్‌లో ప్రోగ్రాం ఒకసారి సరైన జవాబిస్తే అక్కడితో దాని ఆయుష్షు తీరిపోతుంది. మళ్ళీ తెరిచేది ఎక్స్‌టర్నల్ ముందురోజు రాత్రి, బట్టీ పట్టడానికి. మూడు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ ఇక్కడ మంచి జవాబు దొరకదు.

దాన్నే కొంచెం వంచుకోవచ్చు. ల్యాబ్‌కి వెళ్లే ముందే అబ్జర్వేషన్‌లో ప్రోగ్రాం పైన ఐదు ఇన్‌పుట్లు, వాటికి రావాల్సిన జవాబులు చేత్తో రాసుకోండి. వాటిలో ఒక సున్నా, ఒక మైనస్ సంఖ్య, ఒక పేద్ద సంఖ్య ఉండాలి. అదనంగా పట్టేది పది నిమిషాలే. మావాడు ఆ పని చేసి ఉంటే −25536 మొదటి సంవత్సరంలోనే కనబడేది.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ప్రోగ్రామింగ్ కోర్సుల్లో వారంవారం ఇచ్చే లెక్కలకు బయటికి కనబడే టెస్టులతో (ఈ ఇన్‌పుట్‌కి ఈ జవాబు వస్తోందా అని చూసేవి) పాటు దాచిపెట్టిన టెస్టులు కూడా ఉంటాయి. వాటి కోసమే చేయండి. సర్టిఫికెట్ కోసం అయితే, దాన్ని గోడకు తగిలించడం తప్ప ప్రోగ్రాంకి ఒరిగేదేమీ ఉండదు.

## ద్వారకా నగర్ కోచింగ్

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచెళ్లే దూరంలో ఇన్ని బోర్డులున్నాయంటే ఊరికే లేవు. కాలేజీ చెప్పనివి అక్కడ చెబుతారు. డేటాబేస్‌ని వెబ్ పేజీకి ఎలా కలపాలి, సర్వర్ మీద ఎలా ఎక్కించాలి, కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుంచుకునే గిట్ ఎలా వాడాలి. రోజూ ఒక టైముకి కూర్చోబెట్టే మనిషి ఉంటే తప్ప కదలనివాళ్ళకు ఆ క్రమశిక్షణకైనా ఫీజు గిట్టుబాటే.

నాకు నచ్చనిది బ్యాచ్ అంతా కలిసి ఒకే ప్రాజెక్టు కట్టడం. సారు బోర్డు మీద కొడతారు, పిల్లలు చూసి కొడతారు. నేను ఒకసారి ఇంటర్వ్యూ చేసేవాళ్ళతో కూర్చున్నాను. ఒకే రోజు వచ్చిన వాళ్ళలో నలుగురు ఒకే ఫుడ్ డెలివరీ యాప్ చూపించారు. రంగులు వేరు, పేర్లు వేరు. సబ్మిట్ బటన్ మీద స్పెల్లింగ్ తప్పు మాత్రం నాలుగింటిలోనూ ఒకటే. నాలుగో అమ్మాయి ల్యాప్‌టాప్ తిప్పగానే మా పక్కాయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్లకని లేచి వెళ్లిపోయాడు. పాపం ఆ అమ్మాయి తప్పేముంది? ఆ బటన్‌ని ఆమె రాయలేదు, దించింది. దించినదాన్ని ఎవరూ చదివి చూడలేదు.

ఫీజు కట్టేముందు డెమో క్లాసులో ఈ రెండూ అడగండి: 'నేను రాసిన కోడ్‌ని ఎవరైనా చదివి తప్పులు రాసిస్తారా? నాకు నచ్చిన ప్రాజెక్టు నేను తెచ్చుకోవచ్చా?' రెండింటికీ సూటిగా అవునంటే ఆలోచించవచ్చు. 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ ఉంది బాబూ' అని మాట దాటేస్తే కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేయండి.

## కాంటెస్టులు

కోడ్‌చెఫ్, కోడ్‌ఫోర్సెస్, లీట్‌కోడ్, ఇవన్నీ టైం పెట్టి ప్రోగ్రాం లెక్కలిచ్చే వెబ్‌సైట్లు. లీట్‌కోడ్ వారపు కాంటెస్టు మనకు ఆదివారం ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. 90 నిమిషాలు, 4 లెక్కలు. హాస్టల్లో టిఫిన్ మానేసి కూర్చునేవాళ్ళను చూశాను.

మొదటి ప్రశ్నకు ఇంత బాగా జవాబిచ్చే చోటు ఇంకోటి లేదు. సబ్మిట్ కొట్టిన కొన్ని సెకన్లలో తప్పని ముఖం మీదే చెప్పేస్తుంది. ఏ మొహమాటమూ ఉండదు. అంచు సంఖ్యలు, ఖాళీ జాబితా, అన్నీ ఒకేలా ఉన్న జాబితా, ఇలాంటివి ముందే ఊహించే అలవాటు ఆర్నెల్లలో పడిపోతుంది. కంపెనీల మొదటి రౌండుకు కావాల్సిందీ దాదాపు ఇదే.

మిగతా రెండు ప్రశ్నల దగ్గర మాత్రం ఇది బోల్తా కొడుతుంది. కాంటెస్టు అయిపోయాక ఆ ప్రోగ్రాంని మళ్ళీ ఎవరూ తెరవరు, ఎవరూ చదవరు. ఏ, బీ, ఏ2, బీబీ అని పేర్లు పెట్టినా యాక్సెప్టెడ్ అనే వస్తుంది. పైగా టెస్టులు మీరు రాయరు, వాళ్ళే రాసి పెడతారు. ఇది చిన్న లోటు కాదు. ఉద్యోగంలో చేరాక టెస్టులు వడ్డించిపెట్టే మనిషి ఉండడు.

ఇంకో మాట. టెస్టులన్నీ దాటినంత మాత్రాన ప్రోగ్రాం సరైనదని కూడా అనుకోకండి. వరసలో ఉన్న జాబితాని సగం సగం చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌నే తీసుకోండి, మనమంతా రాసేదే. మొదలు, చివర కలిపి రెండుతో భాగిస్తే మధ్య వస్తుంది. జావా సొంత లైబ్రరీలోనూ అలాగే రాశారు. దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో అందులో తప్పుందని బయటపెట్టాడు. జాబితా వంద కోట్లు దాటితే ఆ కూడిక 32 బిట్ల ఇంట్‌లో పట్టదు, మైనస్‌లోకి పోతుంది. తొమ్మిదేళ్ల పాటు అది ప్రపంచమంతా నడిచింది, ఎవరికీ కనబడలేదు. మావాడి స్థలం లెక్కలో ఉన్నదీ అదే జబ్బు, కాకపోతే వాడిది 16 బిట్లలో బయటపడింది. (దీనికి మందు: చివరలోంచి మొదలు తీసేసి, సగం చేసి, మొదలుకు కలపడం.) ఈ సంగతి చెప్పాక వాడి ముఖం కాస్త తేటపడింది.

## ఓపెన్ సోర్స్

కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ ఇది, ఎవరైనా మార్పులు రాసి పంపవచ్చు. మూడు ప్రశ్నలకీ పూర్తి మార్కులు. ముక్కూ ముఖం తెలియని మనిషి ఎక్కడో కూర్చుని మీరు రాసిన పదిహేను లైన్లు చదివి, 'ఈ పేరు మార్చు, ఇక్కడ టెస్టు లేదు, దీన్ని రెండు ముక్కలు చెయ్యి' అని రాస్తాడు. మార్చి పంపితే మళ్ళీ చదువుతాడు. ఇంత మంచి చదువు డబ్బు పెట్టినా దొరకదు.

గడప మాత్రం ఎత్తు. వేలాది ఫైళ్లున్న ప్రాజెక్టుని మీ ల్యాప్‌టాప్‌లో నడిపించడానికే వారం పడుతుంది. మీరు పంపినదాన్ని చూసే తీరిక వాళ్ళకు నెలదాకా దొరకకపోవచ్చు, అసలు దొరకకపోవచ్చు కూడా. రెండో సంవత్సరం వాళ్ళు ఇక్కడే ఉత్సాహం చచ్చి వదిలేస్తారు. ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపినవాళ్ళకు టీ షర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అని ఒకటుంది. 2020 అక్టోబర్‌లో ఆ టీ షర్టు కోసం జనం అడ్డమైన మార్పులు పంపితే ప్రాజెక్టుల వాళ్ళు తలలు పట్టుకున్నారు. చివరికి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులే లెక్కలోకొస్తాయని నియమం మార్చాల్సి వచ్చింది. ప్రాజెక్టుని పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో ఒక కామా మార్చి 'కంట్రిబ్యూటర్' అని రెజ్యూమెలో రాసుకోవడం ఆ టీ షర్టు బాపతే.

మనకు మాత్రం ఒక దొడ్డిదారి ఉంది, తెలుగు. ల్యాబ్‌లో రాసే స్ట్రింగ్ రివర్స్ ప్రోగ్రాంని పైథాన్‌లో రాసి 'విశాఖ' అని ఇచ్చి చూడండి. 'ఖశావి' రావాలి కదా? 'ఖాశివ' వస్తుంది. కంప్యూటర్‌కి ఆ మాట మూడక్షరాలు కాదు. వ, గుడి, శ, దీర్ఘం, ఖ అని ఐదు గుర్తులు. తిరగేస్తే గుడి, దీర్ఘం పక్కవాళ్ళ నెత్తికెక్కుతాయి. అక్షరాలు లెక్కపెట్టే చోట, మాటను మధ్యలో కత్తిరించే చోట, వెతికే చోట ఇలాంటి తప్పులు నిజం సాఫ్ట్‌వేర్‌లలోనూ దొరుకుతాయి. ఇంగ్లిష్ తప్ప ఇంకోటి తెలియని డెవలపర్‌కి అవి కనబడవు, మీకు కనబడతాయి. ఏ ఇన్‌పుట్ ఇస్తే ఏం రావాలి, ఏం వస్తోంది అని శుభ్రంగా రాసి పంపడమే మంచి మొదటి అడుగు.

## దగ్గరివాళ్ళ కోసం చిన్న ప్రోగ్రాం, ముగ్గురు కలిసి

ఇక్కడ నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

రెండేళ్ల కిందట మా పై పోర్షన్‌లో ముగ్గురు ఇంజినీరింగ్ అమ్మాయిలు అద్దెకుండేవారు. కింద సందు చివర జిరాక్స్ షాపు. పరీక్షల సీజన్‌లో ఆయన బిల్లులు నోటితో లెక్కగట్టలేక సతమతమైపోతుంటే వీళ్ళు పైథాన్‌లో ఒక బిల్లు ప్రోగ్రాం రాసిచ్చారు. పేజీ 2 రూపాయలు, 100 పేజీలు దాటితే రూపాయిన్నర. ఒక్క సాయంత్రం పని. నాకు చూపించి "అయిపోయింది అంకుల్" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చాక ఆయన మెట్ల కింద నిలబడి కేకేశాడు: "అమ్మా, పొద్దుట్నుంచీ లెక్క ఏదీ?" షాపు కట్టేసేటప్పుడు ఒకేసారి సేవ్ అయ్యేలా రాశారు మరి. ఆ రాత్రే బిల్లు కొట్టగానే ఫైల్‌లోకి వెళ్లేలా మార్చారు.

వారం తర్వాత ఇంకోటి. ఒకతను సరిగ్గా 100 పేజీలు తీయించాడు, 200 రూపాయలు. వెనకున్నవాడివి 101 పేజీలు, నూటయాభై ఒకటిన్నర! మొదటతను ఊరుకుంటాడా? "నాకూ ఒక తెల్లకాగితం జిరాక్స్ తియ్యండి, నూటొకటి అవుతాయి" అన్నాడట. ప్రోగ్రాం వాళ్ళు చెప్పినట్టే చేసింది. తగ్గిన రేటు అన్ని పేజీలకా, 100 పైన ఉన్నవాటికేనా అని ఎవరూ ఆయన్ని అడగలేదు. అడిగితే ఆయన తల గోక్కుని, "అటూ ఇటూ పది పేజీలైతే నేనే సర్దేస్తానమ్మా" అన్నాడు. పైనున్నవాటికే తగ్గింపు అని చివరికి తేల్చారు. 101 పేజీలకు 201 రూపాయల 50 పైసలు.

అక్కడినుంచి ఒక నియమం పెట్టుకున్నారు. తప్పు దొరికితే ముందు ఆ తప్పుని పట్టే టెస్టు రాయాలి, అది ఫెయిలవడం కళ్లారా చూడాలి, ఆ తర్వాతే ప్రోగ్రాం ముట్టుకోవాలి. 0, 1, 99, 100, 101, మైనస్ 5, సున్నా బదులు పొరపాటున కొట్టిన ఇంగ్లిష్ 'ఓ'. ఒక్కో టెస్టు వెనక ఒక్కో రోజు గొడవ ఉంది. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌లో ఒక్కో టెస్టు మూడు నాలుగు లైన్లే. అన్నీ కలిపి నడవడానికి రెండు సెకన్లు పట్టదు.

రెండో నియమం: ఒకరు రాస్తే మిగతా ఇద్దరు చదవాలి. చదివినవాళ్ళు ప్రతి ఫంక్షన్ ఏం చేస్తుందో ఒక తెలుగు వాక్యంలో చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు రాసినవాళ్ళది. అలా 'టెంప్2' అనే పేరు పోయి 'పేజీల సంఖ్య' వచ్చింది. చిక్కు ముడులున్న చోట ఇద్దరు ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాసేవారు. దాన్నే పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు. అమెరికాలో యూటా యూనివర్సిటీ విద్యార్థులతో 1999లో దీన్ని పరీక్షిస్తే, జంటలకు పట్టిన మొత్తం శ్రమ సుమారు 15 శాతమే ఎక్కువైంది, తప్పులు మాత్రం తగ్గాయి. ఇద్దరు కూర్చుంటే పని రెట్టింపు దండగ అనేవాళ్ళకు ఈ మాట చెప్పండి.

ఈ దారికీ లోట్లున్నాయి. ముగ్గురూ కొత్తవాళ్ళే అయితే ముగ్గురికీ తెలియని తప్పు అలాగే ఉండిపోతుంది. షాపాయనకు బిల్లు సరిగ్గా వస్తే చాలు, లోపల ఎంత చెత్తగా ఉన్నా పట్టదు. కాబట్టి నెలకోసారైనా ఉద్యోగంలో ఉన్న సీనియర్ ఎవరికైనా చూపించుకోవాలి. ఋషికొండ ఐటీ హిల్ మీద పనిచేసే అన్నయ్యో అక్కో ఎవరో ఒకరు మీకు తెలిసే ఉంటారు. ఒక్క ఫైల్ పట్టుకెళ్లి, టీ తాగుతూ అరగంట అడిగితే కాదనరు. ఇంకో ప్రమాదం, ముగ్గురిలో ఒకరే అంతా రాసేసి మిగతా ఇద్దరు రెజ్యూమెలో పేరు పెట్టుకోవడం. ఎవరు ఏ రోజు ఏం మార్చారో గిట్ చరిత్రలో ఉంటుంది, ఇంటర్వ్యూలో తెరిచి చూపించమంటే దొరికిపోతారు.

## మరి ఏఐ?

ఇదొక ఆరో దారి కాదు. ఐదింటిలోనూ పక్కన కూర్చునే మనిషి లాంటిది. 2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ల్యాబ్ ప్రోగ్రాం రాయడమనేది నిమిషం పని అయిపోయింది, నిజమే. కానీ ఆ జిరాక్స్ రేటు దానికి చెప్పి రాయించండి. 101వ పేజీ సంగతి ఏదో ఒకటి అదే అనుకుని రాసేయవచ్చు, షాపాయన్ని మాత్రం అడగలేదు. నా సలహా ఒక్కటే, వరస మార్చండి. టెస్టులు ముందు మీరు రాయండి. ప్రోగ్రాం కూడా మీరే రాయండి. ఆ తర్వాత 'ఇందులో నేను వదిలేసిన సందర్భాలేంటి' అని దాన్ని అడగండి. చదివేవాడిగా అది బాగా పనికొస్తుంది.

## పక్కపక్కన పెడితే

| దారి | తప్పని చెప్పేది | మళ్ళీ తెరుస్తారా | వేరేవాళ్ళు చదువుతారా | ఖర్చు, శ్రమ |
|---|---|---|---|---|
| ల్యాబ్, ఎన్‌పీటెల్ | ల్యాబ్‌లో దాదాపు ఎవరూ చెప్పరు. ఎన్‌పీటెల్‌లో దాచిన టెస్టులు | ఎక్స్‌టర్నల్ ముందురోజు | లేదు | పరీక్ష ఫీజు మాత్రమే |
| కోచింగ్ | సారుకు తీరిక ఉంటే | కోర్సు అయ్యేదాకా | అడిగి తెలుసుకోవాలి | ఫీజు వేలల్లో, పైన ప్రయాణం |
| కాంటెస్టులు | యంత్రం, సెకన్లలో | లేదు | లేదు | ఉచితం. ఆదివారం నిద్ర |
| ఓపెన్ సోర్స్ | అనుభవమున్న డెవలపర్, రోజులు లేదా నెలలు | తప్పనిసరి | శ్రద్ధగా | ఉచితం. ఓపిక చాలా కావాలి |
| ముగ్గురి ప్రాజెక్టు | వాడే మనిషి, మర్నాడే | వారంవారం | స్నేహితులు | ఉచితం. పట్టుదల సొంతంగా తెచ్చుకోవాలి |

## ఎవరికి ఏది

మొదటి, రెండో సంవత్సరం వాళ్ళకు నా ఓటు ముగ్గురి ప్రాజెక్టుకే, వారానికి రెండు కాంటెస్టు లెక్కలు నంజుకుంటూ. కోచింగ్‌కి తొందర లేదు. ఇప్పుడు నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్ మీరు బయటికొచ్చేసరికి మారిపోయి ఉంటుంది.

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో ఉండి, క్యాంపస్‌కి కంపెనీలు వచ్చే టైం దగ్గరపడితే లెక్క మారుతుంది. మొదటి రౌండు దాటకపోతే మీ కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా చూసే నాథుడుండడు. మూడు నెలలు కాంటెస్టు లెక్కలకే ఎక్కువ టైం ఇవ్వండి, టెన్షన్ పడకుండా. అయితే అంతకుముందు రాసిన చిన్న ప్రాజెక్టు ఒకటైనా చేతిలో ఉంచుకోండి. రెండో రౌండులో 'మీరు రాసినదేదైనా చెప్పండి' అన్నప్పుడు జిరాక్స్ కథ చెప్పినంత ధీమాగా ఫుడ్ డెలివరీ యాప్ కథ చెప్పలేరు.

ఈసీఈ, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ వైపు రావాలనుకునేవాళ్ళకు కోచింగ్ నిజంగానే ఉపయోగం. మీకు సీఎస్‌ఈ వాళ్ళకున్నన్ని ల్యాబులూ లేవు, ఆ స్నేహితులూ లేరు. బ్యాచ్‌లో మీతో సమానంగా కష్టపడే ఇద్దరిని వెతికి పట్టుకోండి. కోర్సు అయిపోయాక కూడా వాళ్ళతో రాస్తూ ఉండటమే ఆ ఫీజులో అసలు లాభం.

అనకాపల్లి, విజయనగరం నుంచి రోజూ రైలెక్కి వచ్చేవాళ్ళు సాయంత్రం క్లాసుల జోలికి పోకండి. రైల్లో స్నేహితుడి ప్రోగ్రాం చదవడం, టెస్టు కేసులు నోట్‌బుక్‌లో రాసుకోవడం, ఈ రెంటికీ ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఆదివారాలు కలుసుకోవాలంటే మధ్యలో ఎవరో ఒకరి ఇల్లు చూసుకుంటే సరిపోతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌కి జంకేవాళ్ళు ఓపెన్ సోర్స్‌ని పక్కనపెట్టేస్తుంటారు. అక్కడ నడిచేది రాత మాట, నోటి మాట కాదు. రెండుసార్లు దిద్దుకుని పంపవచ్చు. నాలుగో సెమిస్టర్‌కి మొదలుపెడితే చాలు.

ఆఖరి సంవత్సరం వాళ్ళతో ఒక్కటే మాట: ప్రాజెక్టు కొనకండి. ఏదో సెంటర్‌లో సీడీతో సహా కొనుక్కొచ్చి వైవాలో నీళ్లు నమిలినవాళ్ళను చాలామందిని చూశాను. ఆ డబ్బుతో ముగ్గురూ బీచ్‌లో ముంత మసాలా తింటూ కూర్చున్నా, మీ వీధిలో ఎవరికి ఏం లెక్క కావాలో తట్టేస్తుంది. బ్యాక్‌లాగ్‌లుంటే మాత్రం ముందు అవి. ఇవన్నీ తర్వాత.

మావాడు ఆ రోజు కరపత్రం మడిచి మళ్ళీ బ్యాగులోనే పెట్టుకున్నాడు. చేరతాడో మానతాడో నేను గుచ్చి అడగలేదు. బుధవారం రాత్రి మెసేజ్ వచ్చింది: "మావయ్యా, మేం ముగ్గురం హాస్టల్ మెస్ బిల్లు రాస్తున్నాం. 28న ఇంటికెళ్లి 3న తిరిగొచ్చినవాడికి ఏ నెలలో ఎన్ని రోజులు తగ్గించాలి?"

"నన్నెందుకురా అడుగుతావ్, మెస్ ఆయన్ని అడుగు" అని కొట్టాను.

పది నిమిషాలకు మళ్ళీ మోగింది. "అడిగాం. ఆయనకీ తెలీదట."